పెద్ద చక్రాల తగువు: లెక్క, నేల, చట్టం

దక్షిణ ఢిల్లీలో జేఎన్‌యూకీ ఐఐటీకీ దగ్గరగా ఒదిగిన పాత ఊరు బేర్ సరాయ్. సివిల్స్ పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ షాపులు, అద్దె గదులతో తెలుగు విద్యార్థులకూ పరిచయమైన చోటు. సందులు ఇరుకు. నడిచేవాళ్ళూ సైకిళ్ళూ ఆటోలూ ఒకే దారిలో సర్దుకుపోవాలి. నగరంలోని ఇలాంటి దారుల్లోనే ఇప్పుడు థార్, జిమ్నీ, జిప్సీ, గూర్ఖా వంటి ఆఫ్-రోడ్ వాహనాలూ తిరుగుతున్నాయి. వాటి యజమానుల్లో కొందరు కంపెనీ చక్రాలు తీసేసి అంతకన్నా ఎత్తైనవి, వెడల్పైనవి బిగించుకుంటున్నారు.

ఇది మంచిదా, చెడ్డదా అన్న చర్చ చాలాకాలంగా నడుస్తోంది. ఇంజినీర్లు ఒకటంటారు, ఎడారిలో బండి నడిపినవాళ్ళు ఇంకొకటంటారు, రవాణా శాఖ మరొకటంటుంది. ఎవరి మాటలో ఎంత నిజముందో, ఏది తేలిందో, ఏది తేలలేదో ఒకచోట చేర్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

## కలగలిసిపోయిన రెండు ప్రశ్నలు

"పెద్ద చక్రం" అన్నప్పుడు జనం రెండు వేర్వేరు పనులను ఒకటిగా మాట్లాడుతుంటారు. ఈ చర్చలో సగం గందరగోళం అక్కడే పుడుతుంది.

మొదటిది రిమ్ము పెంచడం. 16 అంగుళాల రిమ్ము తీసి 18 అంగుళాలది వేసి, మొత్తం ఎత్తు మారకుండా టైరు పక్క గోడను తగ్గించడం. తారు రోడ్డు మీద మలుపుల్లో బండి నిలకడగా ఉంటుంది, చూడ్డానికీ బాగుంటుంది. కానీ రాళ్ళ మీద, ఇసుకలో ఇది నష్టం. పక్క గోడ పొట్టిగా ఉంటే గాలి తగ్గించి నడిపే వీలు తగ్గుతుంది, రాయి తగిలితే దెబ్బ నేరుగా రిమ్ముకే పడుతుంది.

రెండోది టైరు మొత్తం ఎత్తు పెంచడం. ఆఫ్-రోడ్ ప్రియులు కోరేది దీన్నే. దీనికి గట్టి కారణమూ ఉంది. జిప్సీకి, జిమ్నీకి ముందూ వెనకా అడ్డంగా ఒకే ఇరుసు ఉంటుంది. దానికి డిఫరెన్షియల్ గుండు కిందికి వేలాడుతుంది. రాళ్ళకు ముందుగా తగిలేది అదే. సస్పెన్షన్ ఎత్తు పెంచితే బాడీ లేస్తుంది గాని ఆ గుండు లేవదు. దాన్ని పైకి లేపేది టైరు ఎత్తు ఒక్కటే. పెద్ద టైర్ల పక్షం వాదనల్లో అన్నిటికన్నా బలమైనది ఇదే. దీన్ని ఎవరూ కాదనలేరు.

## చర్చ ఇక్కడిదాకా వచ్చిన దారి

రెండో ప్రపంచ యుద్ధంలోని విల్లీస్ జీపుకు 16 అంగుళాల రిమ్ము మీద సన్నని, ఎత్తైన టైర్లుండేవి. బురదలో కోసుకుంటూ కింది గట్టి నేలను పట్టుకోవడం వాటి పద్ధతి. యుద్ధం ముగిశాక 1940ల చివర్లో మహీంద్రా సంస్థ ఆ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. అడవి శాఖ నుంచి ఏజెన్సీ గ్రామాల సర్వీసు జీపుల దాకా దశాబ్దాలపాటు అదే వంశం నడిచింది. అప్పట్లో టైరు సైజు ఎవరికీ మోజు కాదు. దొరికిన టైరు వేసుకోవడమే.

1985లో మారుతి జిప్సీ రావడంతో ఆట మారింది. తేలికైన బండి, చిన్న ఇంజన్, సులువుగా విప్పి బిగించగల నిర్మాణం. 1999లో మొదలైన రెయిడ్ డి హిమాలయ వంటి పోటీలు జిప్సీని సామాన్యుడి సాహస వాహనంగా నిలబెట్టాయి. ఢిల్లీలో కరోల్ బాగ్, కశ్మీరీ గేట్, మాయాపురి, హర్యానాలో మండీ డబ్వాలీ వంటి చోట్ల విడిభాగాల వ్యాపారం, జీపుల మార్పుచేర్పులు పెరిగాయి. మనవైపు విజయవాడ ఆటోనగర్ ఏ పని చేయగలదో తెలిసినవారికి ఆ వాతావరణాన్ని వేరే వివరించనక్కర్లేదు.

2020 అక్టోబరు 2న కొత్త థార్, 2023లో జిమ్నీ మార్కెట్‌లోకి వచ్చాక ఈ మోజు మధ్యతరగతికి చేరింది. ఈ కొత్త బండ్లలో ఏబీఎస్, ఈఎస్‌పీ వంటి ఎలక్ట్రానిక్ వ్యవస్థలున్నాయి. పాత జీపుకు పనికొచ్చిన నాటు అనుభవం వీటికి పూర్తిగా సరిపోదు. చర్చ చిక్కుపడింది సరిగ్గా ఇక్కడే.

## లెక్కలు ఏం చెబుతున్నాయి

టైరు మీది 195/80 ఆర్15 వంటి అంకెల్లో మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో పక్క గోడ ఎత్తు శాతం, చివరిది అంగుళాల్లో రిమ్ము. వీటిని బట్టి మొత్తం ఎత్తును ఎవరైనా లెక్క కట్టవచ్చు. ఎక్కువగా చర్చకు వచ్చే కొన్ని మార్పులు ఇలా ఉంటాయి:

| బండి, కంపెనీ సైజు (ఎత్తు) | మార్చిన సైజు (ఎత్తు) | పెరుగుదల | నేల నుంచి అదనపు ఎత్తు |
|---|---|---|---|
| జిమ్నీ 195/80 ఆర్15 (693 మి.మీ.) | 215/75 ఆర్15 (703 మి.మీ.) | 1.5 శాతం | 5 మి.మీ. |
| జిమ్నీ 195/80 ఆర్15 (693 మి.మీ.) | 235/75 ఆర్15 (733 మి.మీ.) | 5.8 శాతం | 20 మి.మీ. |
| థార్ 245/75 ఆర్16 (774 మి.మీ.) | 255/65 ఆర్18 (789 మి.మీ.) | 1.9 శాతం | 7 మి.మీ. |
| థార్ 255/65 ఆర్18 (789 మి.మీ.) | 285/70 ఆర్17 (831 మి.మీ.) | 5.3 శాతం | 21 మి.మీ. |

టైరు ఎత్తు ఎంత పెరిగినా ఇరుసు లేచేది అందులో సగమే. జిమ్నీకి కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు. అంత పెద్ద 235 టైరు వేసినా దక్కేది మరో 20 మిల్లీమీటర్లు. రాళ్ళ గుట్ట మీద ఆ రెండు సెంటీమీటర్లు నిజంగానే బండిని దాటిస్తాయి. దానికి చెల్లించే మూల్యాన్నీ అంతే నిజాయితీగా లెక్కించాలి.

మొదటిది, లాగే శక్తి. చక్రం 5.8 శాతం పెరిగితే నేల మీద పడే తోపుడు సుమారు 5.5 శాతం తగ్గుతుంది. అన్ని గేర్లూ ఒక్కసారిగా కాస్త బరువెక్కినట్టు ఉంటుంది. 300 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న థార్ డీజిల్ దీన్ని తట్టుకుంటుంది. 134 న్యూటన్ మీటర్ల జిమ్నీకి ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు తేడా వెంటనే తెలుస్తుంది, క్లచ్ ప్లేటు త్వరగా అరుగుతుంది.

రెండోది, బ్రేకు. పెడల్ మీద అంతే బలం వేసినా పెద్ద చక్రం అంచు దగ్గర ఆపే శక్తి తగ్గుతుంది. దానికి తోడు బరువైన చక్రం తిరుగుడును ఆపడానికి అదనపు శ్రమ కావాలి.

మూడోది, స్పీడోమీటరు. పై లెక్కన ముల్లు 80 చూపినప్పుడు బండి దాదాపు 85 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. అందుకే కంపెనీలు దాన్ని కాస్త ఎక్కువ చూపేలా అమరుస్తాయి. కాబట్టి ఒకటి రెండు శాతం పెంపుతో ముల్లు నిజానికి దగ్గరవుతుందనే వాదన సబబే. ఐదారు శాతం దాటితే ఆ సర్దుబాటు నిలవదు.

నాలుగోది, కింది భాగాల అరుగుదల. చక్రాన్ని బయటికి జరిపే స్పేసర్లు, తక్కువ ఆఫ్‌సెట్ రిమ్ములు వాడితే బేరింగుల మీద, స్టీరింగ్ లింకుల మీద ఒత్తిడి పెరుగుతుంది.

## నాలుగు వాదాలు

ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. వాహన తయారీదారులు, చాలామంది ఇంజినీర్లు ఈ పక్షం. సస్పెన్షన్, బ్రేకులు, స్టీరింగ్, ఎలక్ట్రానిక్స్ అన్నీ ఒక టైరును దృష్టిలో పెట్టుకుని కుదిర్చినవని, ఒకటి మారిస్తే మిగతావన్నీ పరీక్షించాలని వీరి మాట. వాదన గట్టిదే. కానీ వీరు ఒక విషయం దాటవేస్తారు. కంపెనీ సైజు కూడా ఖరీదు, మైలేజీ, రోడ్డు శబ్దం, ఎగుడుదిగుడు దారులు అన్నిటి మధ్య కుదిర్చిన రాజీయే. ఎక్కువ కాలం అడవిలో తిరిగే బండికి ఆ రాజీ సరిపోకపోవచ్చు.

ఒక మెట్టు పైకి. మొత్తం ఎత్తులో మూడు శాతం లోపు పెంపు ఫరవాలేదని టైర్ల వ్యాపారంలో పాతుకుపోయిన నియమం. జిమ్నీకి 215/75 టైరు, 16 అంగుళాల రిమ్ము థార్‌కు 18 అంగుళాల రిమ్ము థార్ టైరు ఈ కోవలోవి. థార్ విషయంలో రెండు సైజులూ కంపెనీ ఇచ్చినవే కాబట్టి వివాదమే తక్కువ. ఈ పక్షం లోపం ఏమిటంటే, మూడు శాతం అన్నది అనుభవంలోంచి వచ్చిన అంచనాయే గాని ప్రతి బండికీ పరీక్షించి తేల్చిన హద్దు కాదు. ఫుల్ స్టీరింగ్ తిప్పినప్పుడు, సస్పెన్షన్ పూర్తిగా నలిగినప్పుడు టైరు బాడీకి రాసుకుంటుందా లేదా అన్నది శాతంతో తేలదు, బండి కిందికి వంగి చూస్తేనే తేలుతుంది.

మారిస్తే మొత్తం మార్చాలి. పోటీలకు వెళ్ళేవారి పక్షం ఇది. పెద్ద టైరు వేస్తే ఇరుసు గేరు నిష్పత్తి, బ్రేకులు, షాక్ అబ్జార్బర్లు, స్టీరింగ్ కూడా మారాలంటారు. వీరికి తయారీదారుల నుంచే సాక్ష్యం దొరుకుతుంది. అమెరికాలో ఫోర్డ్ బ్రాంకోకు కంపెనీయే 35 అంగుళాల టైర్లిచ్చినప్పుడు 4.7 ఇరుసు నిష్పత్తి, ముందూ వెనకా లాకింగ్ డిఫరెన్షియళ్ళు, వేరే డాంపర్లు కలిపి ఒకే ప్యాకేజీగా ఇచ్చింది. పెద్ద టైరు తప్పు కాదనడానికీ, ఒంటరిగా వేయడం తప్పనడానికీ ఇది ఒకేసారి రుజువు. మన దేశంలో ఇంత పని చేయించుకునేవారు అరుదు. ఎక్కువమంది టైరు దగ్గరే ఆగిపోతారు. ప్రమాదమంతా ఆ సగం పనిలోనే ఉంది.

సైజు కాదు, గాలి. నాలుగో పక్షం గొంతు చిన్నదే కాని వినదగింది. జిమ్నీ బరువు దాదాపు 1,200 కిలోలు. ఒక్కో చక్రం మీద సుమారు 300. టైరులో 29 పీఎస్‌ఐ, అంటే చదరపు సెంటీమీటరుకు రెండు కిలోల ఒత్తిడి ఉంటే నేలకు ఆనే వైశాల్యం స్థూలంగా 150 చదరపు సెంటీమీటర్లు. ఆ గాలి ఒత్తిడిని సగానికి తగ్గిస్తే వైశాల్యం దాదాపు రెట్టింపు దిశగా పెరుగుతుంది. టైరు గట్టిదనం వల్ల లెక్క అచ్చంగా కుదరకపోయినా, ఇసుకలో ఇంత లాభం ఏ సైజు మార్పూ ఇవ్వదు. ఖర్చు ఒక గేజీ, ఒక చిన్న కంప్రెసరు. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్ళీ గాలి నింపుకోవాలన్నదే దీని షరతు. డిఫరెన్షియల్ గుండును మాత్రం ఇది పైకి లేపలేదు.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెడితే ఒకటి కనిపిస్తుంది. అవి నాలుగు రకాల వాడకాలకు నాలుగు జవాబులు. రోజూ ఆఫీసుకు వెళ్ళే బండికి మొదటిది, అప్పుడప్పుడు మట్టిదారి పట్టేదానికి రెండోది, ఇసుక యాత్రలకు నాలుగోది, పోటీ మైదానానికి మూడోది. ఒక వాడకానికి సరిపోయే జవాబును అందరికీ రుద్దడం వల్లే తగువు తెగడం లేదు.

## నేలను బట్టి చక్రం

ఇసుకలో వెడల్పు, తక్కువ గాలి పనిచేస్తాయి. పల్చటి బురద కింద గట్టి నేల ఉంటే సన్నని ఎత్తైన టైరే మేలు. నల్లరేగడి మరో కథ. వాన పడ్డాక అది టైరు గాడుల్లో పేరుకుని టైరును నున్నటి ముద్ద చేస్తుంది. అక్కడ సైజు కన్నా గాడుల మధ్య ఎడం ముఖ్యం. బురద టైర్ల గాడులు విశాలంగా ఉండి మట్టిని విదిలించుకుంటాయి. అవే టైర్లకు తడి తారు మీద పట్టు తగ్గుతుంది, అవి బాగా మోత చేస్తాయి. రాళ్ళ మీద అక్కరకొచ్చేవి టైరు ఎత్తు, పక్క గోడ బలం.

బేర్ సరాయ్ నుంచి చూస్తే ఈ నేలలు ఎంత దూరం? పక్కనే ఆరావళి అంచున సంజయ్ వన్ ఉంది గాని అది రక్షిత అడవి, బండ్లకు చోటు కాదు. అసోలా భాటీ అభయారణ్యమూ అంతే. పెద్ద ఇసుక దిబ్బల కోసం జైసల్మేర్ వెళ్ళాలంటే ఎనిమిది వందల కిలోమీటర్ల దాకా రహదారి ప్రయాణం. లద్దాఖ్‌లో 19,024 అడుగుల ఉమ్లింగ్ లా దాకా సరిహద్దు రహదారుల సంస్థ 2021 నాటికే తారు వేసింది. ఢిల్లీ బండి సాహసయాత్రకు బయల్దేరినా ఎక్కువ కిలోమీటర్లు నడిచేది నల్లటి రోడ్డు మీదే. అడవిలో లాభించే ప్రతి గుణానికీ ఆ రోడ్డు మీద కొంత నష్టం ఉంటుంది.

ఈ చిక్కు తెలుగు రైతుకు కొత్త కాదు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు బిగించే ఇనుప కేజ్ వీల్స్ పొలంలో దిగబడకుండా కాపాడతాయి. అవే తారు రోడ్డెక్కితే రోడ్డు ఛిద్రమవుతుంది. అందుకే నాట్ల కాలంలో అధికారులు హెచ్చరికలు జారీ చేస్తారు, కేసులూ పెడతారు. అక్కడ ఎవరూ కేజ్ వీల్స్‌ను నిషేధించమనలేదు. వాటిని పొలం వరకే ఉంచమన్నారు. చక్రం మంచిచెడ్డలు అది తిరిగే నేలను బట్టి ఉంటాయని వ్యవసాయం ఎప్పుడో ఒప్పుకుంది.

## చట్టం ఎక్కడ నిలబడింది

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా చదివింది. తయారీదారు ఇచ్చిన మౌలిక నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని చెప్పింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షన్ అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ అంటోంది.

ఇంత స్పష్టంగా ఉంటే తగువెందుకు? ఎందుకంటే 52వ సెక్షన్ వివరణలోనే మార్పు అంటే వాహన నిర్మాణంలో చేసిన, దాని మౌలిక లక్షణాన్ని మార్చే మార్పు అని ఉంది. టైరు నిర్మాణమా? అరిగితే తీసేసి కొత్తది వేసుకునే వస్తువు కదా? పైగా సొంత కార్ల ఆర్సీలో సాధారణంగా టైరు సైజు రాయరు. కాబట్టి ఆర్సీకి భిన్నం కాలేదని యజమాని అంటాడు, తయారీదారు నిర్దేశానికి భిన్నమైందని అధికారి అంటాడు. అర సెంటీమీటరు పెంచినవాడూ, బాడీ కోసి పది సెంటీమీటర్లు పెంచినవాడూ ఒకే అనిశ్చితిలో ఉన్నారు.

బీమా మరో ముడి. పాలసీ ప్రకారం బండిలో చేసిన మార్పులు సంస్థకు తెలియజేయాలి. చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజున క్లెయిము వివాదంలో పడుతుంది.

## బయటి దేశాల దారి

ఆస్ట్రేలియాలో వాహన మార్పులకు జాతీయ నియమావళి ఉంది. అందులో ఫోర్-వీల్ డ్రైవ్ వాహనాలకు తయారీదారు సూచించిన సైజుకన్నా 50 మిల్లీమీటర్ల దాకా ఎత్తు పెంపును హద్దుగా పెట్టారు. దాన్ని దాటితే ఇంజినీరు ధ్రువీకరణ కావాలి. జర్మనీలో మార్పును అధీకృత సంస్థ పరీక్షించి బండి పత్రాల్లో నమోదు చేస్తుంది. ఐస్‌లాండ్‌లో హిమానీనదాల మీద నడవడానికి 38 అంగుళాలు, అంతకు మించిన టైర్లే గతి. వాటిలో గాలిని రెండు మూడు పీఎస్‌ఐకి తగ్గించి మంచు మీద తేలుతూ పోతారు. అక్కడ అలాంటి బండ్లను మార్చిన వాహనాలుగా పరీక్షించి నమోదు చేస్తారు.

ఈ మూడింటి పద్ధతులు వేరైనా సూత్రం ఒకటే: కొలువు, పరీక్షించు, రాసి పెట్టు. మన దగ్గర పూర్తి నిషేధానికీ చూసీచూడనట్టు వదిలేయడానికీ మధ్య మెట్టు లేదు.

## ఇంకా తేలనివి

మొదటిది, మన రోడ్ల మీద ఎంత పెంపు వరకు బ్రేకింగ్, ఈఎస్‌పీ భద్రంగా ఉంటాయన్నది. నాలుగు చక్రాలూ సమానంగా పెరిగితే ఏబీఎస్ పోల్చి చూసే తేడాలు పెద్దగా చెదరవని ఒక వాదం. కానీ ఆ వ్యవస్థను కుదిర్చింది ఒక నిర్దిష్ట సైజుకు, బరువుకు. బండివారీగా పరీక్షలు జరిపి ఫలితాలు బయటపెడితే తప్ప ఇది తేలదు.

రెండోది, బాధ్యత ఎవరిదన్నది. ఇప్పుడు శిక్ష యజమాని మీదికే వస్తుంది. సరిపోని టైరు అమ్మి బిగించిన దుకాణం సంగతి చర్చలోకే రాలేదు.

మూడోది, కాలుష్యం. బరువైన, వెడల్పైన టైరు అరిగి రాల్చే కణాలు, రేపే దుమ్ము ఢిల్లీ గాలికి ఎంత భారమన్నది వేరుగా కొలవాల్సిన విషయం.

నాలుగోది, పాదచారుల భద్రత. బానెట్ ఎత్తు పెరిగేకొద్దీ ముందున్న పిల్లవాడు డ్రైవరుకు కనిపించే అవకాశం తగ్గుతుంది. టైరుతోపాటు సస్పెన్షన్ ఎత్తు కూడా పెంచినప్పుడు ఇది ఇంకా తీవ్రమవుతుంది. చర్చ అంతా బండి లోపలున్నవారి గురించే సాగుతోంది. బేర్ సరాయ్ వంటి సందుల్లో అసలు తూకం వేయాల్సింది బయట ఉన్నవారి వైపు నుంచి.

## తేలినంతలో పాటించదగిన వరస

వివాదంలో లేని విషయాలను కలిపి చూస్తే నిర్ణయానికి ఒక వరస దొరుకుతుంది. ముందు గాలి ఒత్తిడి నేర్చుకోవాలి. చాలదనిపిస్తే అదే సైజులో నేలకు తగిన గాడుల టైరు ఎంచుకోవాలి. ఆ తర్వాతే కంపెనీ తన ఇతర మోడళ్ళకు ఇచ్చిన సైజు గురించి ఆలోచించాలి. అంతకు మించి వెళ్ళాలంటే గేర్లు, బ్రేకులు, సస్పెన్షన్ కలిపి ఒకే పనిగా చేయించాలి, అలాంటి బండిని పోటీ మైదానానికే పరిమితం చేయాలి. ఏ దశలోనైనా టైరు లోడ్ సూచిక కంపెనీ టైరుకన్నా తగ్గకూడదు. స్టెప్నీతో సహా ఐదూ ఒకే సైజు కావాలి. థార్, జిప్సీ, జిమ్నీల ఫోర్-వీల్ వ్యవస్థలో మధ్య డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి ఒక్క చక్రం తేడా వచ్చినా, గట్టి నేల మీద ఫోర్-వీల్ వేసి నడిపితే ఇరుసులు బిగుసుకుంటాయి.

ప్రభుత్వం చేయాల్సింది కూడా అంతే సూటిగా ఉంది. మిల్లీమీటర్లలో ఒక హద్దు ప్రకటించాలి. ఆ హద్దు లోపల స్వేచ్ఛ, దాటితే పరీక్ష, పరీక్షలో నెగ్గితే ఆర్సీలో నమోదు. హద్దు రాసి ఉంటే నిజాయితీగా కొలుచుకుని బండి దిద్దుకునేవాడికి భయం ఉండదు, సగం పనిచేసి రోడ్డెక్కేవాడికి సాకు ఉండదు. సాహసం మీద ఇష్టం తప్పు కాదు. దాని ఖర్చు రోడ్డు పక్కన నడిచే మనిషి మీద పడకుండా చూడడమే ఈ చర్చలో ఇప్పటిదాకా ఎవరూ మొదటి వరసలో పెట్టని పని. ఇకముందు దాన్ని అక్కడే పెట్టాలి.